సహాయ వైద్యుడి పక్కన నిలిచేదెవరు?

పూర్తి వైద్య పట్టా లేని వ్యక్తి చేతికి రోగిని అప్పగించవచ్చునా అన్న ప్రశ్న మన దేశంలో ఎనభై ఏళ్లుగా నలుగుతూనే ఉంది. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ‘ఫిజీషియన్ అసోసియేట్’ను గుర్తింపు గల వృత్తుల జాబితాలో చేర్చింది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పది వృత్తులకు విడుదల చేసిన ఉమ్మడి పాఠ్య ప్రణాళికలలో ఈ వృత్తి కూడా ఉన్నది. దానితో పాత వివాదానికి మళ్లీ ప్రాణం వచ్చింది. అయితే వాదోపవాదాలన్నీ పేరు చుట్టూ, ఏళ్ల లెక్క చుట్టూ తిరుగుతున్నాయి. అసిస్టెంటా, అసోసియేటా? మూడేళ్లా, అయిదేళ్లా? ఆ విద్యార్థి ఏ వార్డులో ఎన్ని వారాలు నిలబడ్డాడు, నిలబడినప్పుడు అతడి పక్కన ఎవరున్నారు, ఇతడికి పని వచ్చిందని సంతకం చేసిన పెద్ద మనిషి నిజంగా ఆ పనిని కళ్లారా చూశాడా అన్న విషయాలను అడిగేవారు తక్కువ. రోగి ప్రాణానికి సంబంధించినంత వరకు అసలు ప్రశ్నలు ఇవే.

వార్తా సంస్థల నుంచి వచ్చే ఆంగ్ల కథనాలను తెలుగు చేసే బల్ల దగ్గర ఈ విషయం మరింత స్పష్టంగా తెలుస్తుంది. ‘క్లినికల్ రొటేషన్’ అన్న మాట వచ్చినప్పుడు కలం ఒక్క క్షణం ఆగుతుంది. భ్రమణమని రాస్తే ఖగోళ శాస్త్రమవుతుంది. శిక్షణ అని ఊరుకుంటే సగం అర్థం జారిపోతుంది. ‘ఫిజీషియన్ అసిస్టెంట్’ను వైద్య సహాయకుడు అంటే పాఠకుడి మనసులో మెదిలేది పాత కాంపౌండరు రూపమే. నిజానికి రొటేషన్ అంటే విద్యార్థిని ఒక్కొక్క విభాగంలో కొన్ని వారాల చొప్పున ఉంచి, అనుభవజ్ఞుడైన వైద్యుడి కంటి ఎదుట రోగిని పరీక్షించనిచ్చి, తప్పును అక్కడికక్కడే దిద్ది, ఆ తరువాతే మరో విభాగానికి పంపడం. మాటకు తెలుగు దొరకకపోవడం పెద్ద నష్టమేమీ కాదు. ఆ పని దొరకకపోవడమే నష్టం.

ఈ విషయంలో మన దేశానికి అనుభవం లేకపోలేదు. దానిని వెతుక్కుంటూ అమెరికా దాకా పోనక్కరలేదు, బిలాస్‌పూర్ దాకా పోతే చాలు. తిరుపతి నుంచి నేరుగా రైలున్న ఊరది. విశాఖపట్నం నుంచి కోర్బా వెళ్లే ఎక్స్‌ప్రెస్ కూడా ఆ స్టేషన్ మీదుగానే పోతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఎదిగిన ఈ పట్టణం 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రైల్వే కాలనీలలో కొదవ లేదు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కొలువు తీరింది కూడా ఇక్కడే.

2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ ఏర్పడేనాటికి ఆ రాష్ట్రానికి ఉన్నది ఒకే ఒక్క వైద్య కళాశాల, అది రాయపూర్‌లో. అడవులలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్లే వైద్యులు లేరు. తొలి ముఖ్యమంత్రి అజిత్ జోగి ప్రభుత్వం 2001లో ఛత్తీస్‌గఢ్ చికిత్సా మండల్ చట్టాన్ని తెచ్చి, గ్రామీణ వైద్యం కోసం మూడేళ్ల కోర్సును ప్రారంభించింది. మొదట ఎంపిక చేసిన చోట్లలో పెండ్రా రోడ్ ఒకటి. ఒకనాడు క్షయ రోగుల శానిటోరియానికి పేరుపడిన ఈ ఊరు బిలాస్‌పూర్–కట్నీ రైలు మార్గంలో ఉంది. అప్పట్లో బిలాస్‌పూర్ జిల్లాలోనిదే, 2020 నుంచి వేరు జిల్లాలోకి వెళ్లింది. జోగి ప్రాతినిధ్యం వహించిన మర్వాహీ కూడా ఆ ప్రాంతంలోనిదే కావడం కేవలం యాదృచ్ఛికమని ఎవరూ అనుకోలేదు.

ఆ తరువాతి కథ పాలనాపరమైన తొందరపాటుకు చక్కని ఉదాహరణ. భారత వైద్య మండలి అంగీకారం లేదు. భారత వైద్య సంఘం వ్యతిరేకించి న్యాయస్థానానికి ఎక్కింది. కోర్సు పేరు ఒకసారి కాదు, పలుమార్లు మారింది. ఆధునిక వైద్యమని ఒకసారి, సమగ్ర వైద్యమని మరొకసారి పట్టా మీద రాయబోయే మాటలు మారుతూ ఉంటే, తాము ఏమవుతామో తెలియక విద్యార్థులు వీధిన పడి ఆందోళనలు చేశారు. 2008 నాటికి కోర్సే మూతపడింది. అప్పటికి చదువు ముగించిన వెయ్యిమందికి పైగా యువతీ యువకులను ఏం చేయాలన్న ప్రశ్న మిగిలింది. ప్రభుత్వం వారిని ‘రూరల్ మెడికల్ అసిస్టెంట్లు’గా ఆరోగ్య కేంద్రాలలో నియమించింది.

ఇంత గందరగోళంలోనూ ఒక మంచి పని జరిగింది. మూడేళ్ల చదువు తరువాత ఏడాది పాటు ఇంటర్న్‌షిప్‌ను నిర్బంధం చేశారు. అది కూడా ఒకే పెద్దాసుపత్రిలో కాక ఉపకేంద్రంలో కొంతకాలం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొంతకాలం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో, జిల్లా ఆసుపత్రిలో మరికొంతకాలం. రేపు ఎక్కడ పని చేయవలసి ఉన్నదో అక్కడే నేర్చుకోవడమన్నమాట. ఎం.బి.బి.ఎస్. విద్యార్థి బోధనాసుపత్రిలో అరుదైన జబ్బులు చూస్తూ ఎదుగుతాడు. పల్లెకు పంపినప్పుడు అక్కడి మామూలు జబ్బు అతడికి కొత్తగా కనిపిస్తుంది. మూడేళ్ల కోర్సు విద్యార్థికి ఆ ఇబ్బంది లేకపోయింది.

ఫలితమేమిటో తరువాత తేలింది. పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు చెందిన కృష్ణ డి. రావు, ఆయన సహచరులు ఛత్తీస్‌గఢ్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో చేసిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. మలేరియా, అతిసారం, క్షయ వంటి సాధారణ వ్యాధుల విషయంలో రోగిని ఏమడుగుతారు, ఏం పరీక్షిస్తారు, ఏ మందు రాస్తారని నాలుగు తరగతుల వారిని పరిశీలించారు. ఎం.బి.బి.ఎస్. వైద్యాధికారులకు, రూరల్ మెడికల్ అసిస్టెంట్లకు సామర్థ్యంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆయుష్ వైద్యులు, వైద్యులు లేనిచోట ఆ పని నెత్తిన వేసుకున్న నర్సులు, ఫార్మసిస్టులు వారి కన్నా వెనుకబడ్డారు.

ఈ ఫలితాన్ని చూసి మూడేళ్ల చదువు చాలునని సంబరపడినవారు ఉన్నారు. అది తొందరపాటే. ప్రాథమిక వైద్యంలో పదే పదే ఎదురయ్యే కొద్దిపాటి జబ్బుల విషయంలో మాత్రమే ఆ సమానత్వం వర్తిస్తుంది. పైగా వైద్యాధికారులు సైతం అక్కడ గొప్ప మార్కులేమీ తెచ్చుకోలేదు. కానీ ఆ అధ్యయనం ఒక విషయాన్ని బలంగా సూచిస్తున్నది. పనికి తగిన చోట, పనికి తగిన రోగుల మధ్య శిక్షణ పొందితే తక్కువ ఏళ్ల చదువు కూడా అక్కరకు వస్తుంది.

మరి లోపం ఎక్కడ? పేరులోనే ఉంది. అసిస్టెంట్ అంటే ఎవరికో తోడ్పడేవాడు. ఛత్తీస్‌గఢ్‌లో ఈ అసిస్టెంట్లను వేసింది చాలావరకు వైద్యుడే లేని కేంద్రాలలో. శిక్షణ కాలంలో ఏడాది పాటు పక్కన ఎవరో ఒకరున్నారు. నియామకపు ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున ఆ తోడు తొలగిపోయింది. సహాయకుడే సర్వాధికారి అయ్యాడు. అర్ధరాత్రి వచ్చిన ప్రసవ వేదనకు, తెల్లవారుజామున వచ్చిన పాముకాటుకు అతడే దిక్కు. ఇది ఆ యువకుల తప్పు కాదు. పర్యవేక్షణ అన్నది చదువుకున్నంత కాలమే అవసరమని, కొలువులో చేరగానే అక్కరలేదని భావించిన పాలకులది.

అమెరికాలో ఈ వృత్తి పుట్టిన తీరు ఇందుకు భిన్నం. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ నౌకాదళంలో వైద్య సేవలందించి వచ్చిన నలుగురితో తొలి తరగతిని ప్రారంభించారు. 1967లో తొలి పట్టభద్రులు బయటకు వచ్చారు. నేడు అక్కడ ఫిజీషియన్ అసిస్టెంట్ విద్యార్థి రెండు వేల గంటలకు పైగా వైద్యుల పర్యవేక్షణలో రోగుల మధ్య గడుపుతాడు. కుటుంబ వైద్యం, అంతర్గత వైద్యం, శస్త్రచికిత్స, శిశు వైద్యం, స్త్రీల వైద్యం, అత్యవసర విభాగం, మానసిక వైద్యం అన్నింటినీ చుట్టి రావలసిందే. ఆ తరువాత జాతీయ పరీక్ష రాయాలి. కొలువులో చేరిన తరువాత కూడా వైద్యుడితో సంబంధం ఏదో ఒక రూపంలో కొనసాగుతుంది.

మన దేశంలో ఈ కోర్సు 1992లో మద్రాసు మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో ఆరంభమైంది. ఆయన గుండె శస్త్రచికిత్స నిపుణుడు. కనుక ఆపరేషన్ థియేటరుకు, ఇంటెన్సివ్ కేర్‌కు అక్కరకు వచ్చే మనుషులను తయారు చేసుకున్నారు. అందులో తప్పు లేదు. అక్కడ పర్యవేక్షణకు కొరత కూడా లేదు, సర్జన్ ఎదురుగానే ఉంటాడు. అయితే ఆ తరువాత వచ్చిన కళాశాలలలో అధికభాగం అదే బాటన పట్టణాలలోని ప్రైవేటు ఆసుపత్రులను ఆశ్రయించాయి. పల్లెకు వైద్యం అందించేందుకు ఛత్తీస్‌గఢ్‌లో ఒక దారి, నగరపు ఆసుపత్రికి చేదోడు కోసం చెన్నైలో మరొక దారి. రెండూ కలుసుకోనే లేదు. మొదటి దారిలో సరైన చోటు ఉంది గానీ తోడు లేదు. రెండవ దారిలో తోడు ఉంది గానీ పల్లె లేదు.

బ్రిటన్ అనుభవాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించాలి. అక్కడ ఫిజీషియన్ అసోసియేట్ల వల్ల రోగులు తమను చూసింది వైద్యుడేనని పొరబడుతున్నారన్న విమర్శ చెలరేగింది. ప్రభుత్వం నియమించిన ప్రొఫెసర్ జిలియన్ లెంగ్ సమీక్ష 2025 జూలైలో వెలువడింది. పేరును తిరిగి ‘అసిస్టెంట్’గా మార్చాలని, రోగమేమిటో ఇంకా తేలని రోగులను ముందుగా నిర్ణయించిన పద్ధతులకు లోబడి తప్ప వారు చూడరాదని, కొత్తగా పట్టా పొందినవారు కుటుంబ వైద్య కేంద్రాలకు వెళ్లే ముందు రెండేళ్లు ఆసుపత్రిలో పని చేయాలని సూచించింది. అరవై ఏళ్ల ఆరోగ్య సేవా వ్యవస్థ ఉన్న దేశంలో కాదు, అంతకన్నా పాతదైన వ్యవస్థలోనే ఈ జాగ్రత్త అవసరమైందంటే మన సంగతి చెప్పనక్కరలేదు. అదే సంవత్సరం మనం అసోసియేట్ అన్న పేరునే పాఠ్య ప్రణాళికకు ఎక్కించుకోవడం ఒక విచిత్రం.

పర్యవేక్షణ అంటే ఏమిటో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరినడిగినా చెబుతారు. అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరినవాడు ఇంజన్‌లో కూర్చుని ఏళ్ల తరబడి సిగ్నళ్లను బిగ్గరగా పలుకుతాడు. పదోన్నతి వచ్చినంత మాత్రాన ఏ మార్గంలోనైనా బండి నడపడానికి వీలు లేదు. కొత్త మార్గమైతే పగలూ రాత్రీ ఆ దారిన ప్రయాణించి, ఎక్కడ వాలు ఉన్నది, ఏ మలుపు తరువాత సిగ్నల్ కనిపిస్తుందో తెలుసుకోవాలి. రైల్వేవారి భాషలో దీనిని ‘రోడ్ లెర్నింగ్’ అంటారు. ఈ మార్గం నాకు తెలుసునని అతడు స్వయంగా సంతకం చేయాలి. కొన్ని నెలలు ఆ దారిన వెళ్లకపోతే మళ్లీ నేర్చుకోవలసిందే. ఎంత అనుభవజ్ఞుడికైనా మినహాయింపు లేదు, ఎవరూ దీన్ని అవమానంగా భావించరు.

ఇంత పకడ్బందీ నియమాలున్న చోట కూడా పట్టు సడలితే ఏమవుతుందో 2025 నవంబరు 4న బిలాస్‌పూర్ సమీపంలోనే కనిపించింది. గెవ్రా రోడ్ నుంచి వస్తున్న మెము రైలు ముందున్న గూడ్సు బండిని వెనుక నుంచి ఢీకొని పది మందికి పైగా మరణించారు. ఒంటరిగా మెము నడిపేందుకు చోదకుడికి ఉండవలసిన అర్హత పరీక్ష, ధ్రువీకరణ విషయంలోనే ప్రాథమిక విచారణ వేలెత్తి చూపినట్లు వార్తలు వచ్చాయి. కాగితం మీది సంతకానికి, చేతిలోని నైపుణ్యానికి మధ్య ఎడం ఎంత ఉండగలదో, ఆ ఎడంలో ఎవరు పడతారో ఆ ఊరికి మరొకరు చెప్పనక్కరలేదు. ఆసుపత్రులలో ఆ ఎడం కంటికి కనిపించదు, పట్టాలు తప్పిన శబ్దం రాదు. అంతే తేడా.

బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఒక విద్యార్థి నేర్చుకోగలిగినది ఏమిటో ఒకసారి చూడాలి. జిల్లాకు పడమరన అచానక్‌మార్ అడవులున్నాయి. వర్షాకాలంలో ఫాల్సిపారం మలేరియా వస్తుంది. సికిల్ సెల్ రక్తహీనత అక్కడి కుటుంబాలలో తరతరాలుగా ఉన్నది. ఈ వ్యాధి నిర్మూలనకు ఉద్దేశించిన జాతీయ కార్యక్రమాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2023 జూలై 1న ప్రారంభించింది ఇదే రైలు మార్గంలో ముందుకు పోతే వచ్చే శహడోల్‌లోనే. ఇక పాముకాటు. కట్లపాము నేల మీద నిద్రపోతున్నవారిని రాత్రివేళ కాటు వేస్తుంది. చాలామందిలో వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు, ఒక్కొక్కసారి కాటు గుర్తు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపు నొప్పి అంటూ వస్తారు. పుస్తకం మాత్రమే చదివినవాడు కడుపు నొప్పికి మందిచ్చి పంపేస్తాడు. ఒక్కసారైనా పెద్ద వైద్యుడి పక్కన నిలబడి, కనురెప్పలు మెల్లగా వాలిపోవడాన్ని చూసినవాడు మాత్రం వెంటనే విరుగుడు సీసా కోసం వెతుకుతాడు, శ్వాస ఆగకుండా చూసే ఏర్పాటు ఎక్కడున్నదో ఫోన్ చేస్తాడు. చూసినవాడికి, చూడనివాడికి మధ్య ఉన్న ఆ కొద్ది నిమిషాలలోనే ఒక ప్రాణం ఉంటుంది. రొటేషన్ విలువ ఇదే. దీనిని ఉపన్యాసంతో భర్తీ చేయలేరు.

బిలాస్‌పూర్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో గనియారీ గ్రామం ఉన్నది. ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో చదివిన కొందరు యువ వైద్యులు 1990ల చివర జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థను స్థాపించి, ఆ ఊళ్లో పాడుబడిన నీటిపారుదల శాఖ భవనాలలో ఆసుపత్రి నడపడం ప్రారంభించారు. అక్కడి క్షయ రోగుల మీద వారు 2013లో ప్రచురించిన అధ్యయనాన్ని చదివినవారు మరచిపోలేరు. 1,695 మంది రోగుల వివరాలలో మధ్యస్థంగా పురుషుడి బరువు 42 కిలోలు, స్త్రీ బరువు 34 కిలోలు. ముప్పై నాలుగు కిలోల స్త్రీకి క్షయ మందు మోతాదు ఎంత, ఆ మందుతో పాటు ఆమెకు ఏం తినిపించాలి అన్నది కార్పొరేట్ ఆసుపత్రి ఎనిమిదవ అంతస్తులో నేర్చుకునే విషయం కాదు. ఈ సంస్థ గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు, నర్సులకు ఏళ్లుగా శిక్షణ ఇస్తున్నది. అంతగా చదువుకోని అడవి పల్లెల స్త్రీలు కూడా మలేరియాకు రక్తపు చుక్కను సేకరించి పరీక్షకు పంపడం, జ్వరానికి మొదటి మందు ఇవ్వడం నేర్చుకున్నారు. అయితే వారి వెనుక నిత్యం మాట్లాడగల నర్సు, ఆమె వెనుక వైద్యుడు ఉన్నారు. ఆ గొలుసులోనే కిటుకు ఉన్నది.

పట్టణంలో ఇంకా వనరులున్నాయి. 2001లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది. రైల్వే కేంద్రీయ ఆసుపత్రి ఉన్నది. రైల్వే ఆసుపత్రికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఒకే కుటుంబాన్ని ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పింఛను కాలం దాకా అదే వ్యవస్థ చూసుకుంటుంది. మధుమేహం, రక్తపోటు వంటి దీర్ఘకాల వ్యాధులను ఏళ్ల తరబడి వెంటాడి చూడడం నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. ఒకే ఊరి పరిధిలో బోధనాసుపత్రి, ఉద్యోగుల ఆసుపత్రి, పల్లె ఆసుపత్రి, ఆపై అడవి అంచు ఉపకేంద్రం. ఒక విద్యార్థిని వీటన్నింటి గుండా ఏడాది పాటు నడిపిస్తే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

కష్టమల్లా పర్యవేక్షకుడిని వెతకడంలోనే. కేంద్ర ప్రభుత్వ 2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన నిపుణులలో దాదాపు 80 శాతం మంది కొరత ఉన్నది. ఎక్కడ శిక్షణ అవసరమో అక్కడే గురువు లేడు. ఉన్న ఒక్క వైద్యుడికి ఉదయం నుంచి బయటి రోగుల వరుస, మధ్యాహ్నం పోస్టుమార్టం, సాయంత్రం సమీక్షా సమావేశం. అతడి పక్కన పదిమంది విద్యార్థులను నిలబెట్టి నేర్పమంటే రెండే జరుగుతాయి. ఒకటి, విద్యార్థులు చీటీలు రాసే జీతం లేని గుమాస్తాలవుతారు. రెండు, నెలాఖరున లాగ్ పుస్తకాలన్నీ ఒక్కసారిగా బల్ల మీదికి వస్తాయి, చూడని ప్రసవాలకు, వేయని కుట్లకు సంతకాలు పడతాయి. వైద్య విద్యతో పరిచయం ఉన్న ఎవరికీ ఈ దృశ్యం కొత్త కాదు. ఫిజీషియన్ అసోసియేట్ చట్టపరంగా ఎన్ని గంటలు చదవాలో 2021 చట్టం చెప్పింది. ఆరోగ్య సంరక్షణ వృత్తుల పట్టాకు కనీసం 3,600 గంటలు కావాలన్నది. గంటలను లెక్కపెట్టడం సులభం. ఆ గంటలో గురువు గదిలో ఉన్నాడా లేడా అన్నది లెక్కపెట్టడం కష్టం. కష్టం గనుక దానిని వదిలేయడం మన అలవాటు.

పట్టా పెద్దదైతే పర్యవేక్షణ అక్కరలేదనుకోవడం కూడా పొరపాటే. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ జిల్లాలో సకరీ దగ్గర జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒక సర్జన్ కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. రోజుకు 30కి మించరాదన్నది ప్రభుత్వ నియమం. జిల్లాలోని శిబిరాల అనంతరం 13 మంది స్త్రీలు మరణించారు. మందులలో కల్తీయా, ఆపరేషన్ల తీరా అన్న వాదం చాలాకాలం సాగింది. అక్కడ కొరవడింది అనుభవం కాదు. ఇక చాలు, ఆపండి అని అనగల మనిషి ఆ గదిలో లేకపోయాడు.

భారత వైద్య సంఘం ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. పట్టణవాసికి పూర్తి వైద్యుడు, పల్లెవాసికి సగం వైద్యుడా అని వారడుగుతున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. 1946లో భోర్ కమిటీ ముందుకు కూడా ఇదే ప్రశ్న వచ్చింది. అప్పట్లో దేశంలో నమోదైన సుమారు 47,500 మంది వైద్యులలో దాదాపు 30 వేల మంది లైసెన్షియేట్లే. తెలుగునాట పాత తరంవారు ‘ఎల్.ఎం.పి. డాక్టరుగారు’ అని గౌరవంగా తలచుకునేది వీరినే. అందరికీ ఒకే స్థాయి పట్టా ఉండాలని కమిటీలోని అధిక సంఖ్యాకులు భావించారు, కొందరు విభేదించారు. లైసెన్షియేట్ చదువు కనుమరుగైంది. ఆ స్థానంలోకి పల్లెలకు ఎం.బి.బి.ఎస్.లు రాలేదు, ఆర్.ఎం.పి.లు వచ్చారు. వారిలో చాలామంది ఎవరో ఒక వైద్యుడి దగ్గర కాంపౌండరుగా నాలుగేళ్లు ఉండి నేర్చుకున్నవారే. అది కూడా ఒక రకమైన రొటేషనే, కాకపోతే పాఠ్య ప్రణాళిక లేదు, పరీక్ష లేదు, తప్పు చేస్తే అడిగేవాడు లేడు.

న్యాయస్థానం కూడా ఈ మధ్యేమార్గానికి తలుపులు పూర్తిగా మూయలేదు. అస్సాం 2004లో చేసిన చట్టం కింద జోర్హాట్‌లో మూడేళ్ల గ్రామీణ వైద్య డిప్లొమాను నడిపింది. గౌహతి హైకోర్టు 2014లో ఆ చట్టాన్ని కొట్టివేసింది. 2023 జనవరి 24న జస్టిస్ గవాయ్, జస్టిస్ నాగరత్నలతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ తీర్పును సమర్థించింది. ఆధునిక వైద్య విద్య ప్రమాణాలు కేంద్రం పరిధిలోనివని స్పష్టం చేసింది. అదే సమయంలో ఆ డిప్లొమాదారులను పరిమిత అధికారాలతో సామాజిక ఆరోగ్య కార్యకర్తలుగా కొనసాగించేందుకు అస్సాం 2015లో తెచ్చిన చట్టాన్ని నిలబెట్టింది. పరిధి గీసి, ఆ పరిధిలో పని చేయించుకోవచ్చునన్నదే దాని సారాంశం. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం సైతం 32వ సెక్షన్‌లో పరిమిత లైసెన్సుతో సామాజిక ఆరోగ్య సేవకులను అనుమతించింది.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు సంగతి కాదు. 2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో తొలి ఆరోగ్య కేంద్రం ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద మన ఊళ్లలోనూ మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ క్లినిక్కులు, తెలంగాణలో పల్లె దవాఖానాలు నడిచేది ప్రధానంగా వీరి మీదనే. ఆరు నెలల సర్టిఫికెట్ శిక్షణ పొందిన నర్సులే వీరిలో ఎక్కువ. ఆ ఆరు నెలలలో ఎన్ని వారాలు ఏ వైద్యుడి పక్కన ఏ రోగిని చూశారన్న వివరం గ్రామస్థుడికి తెలియదు, గ్రామస్థుడు అడగడు. రేపు అసోసియేట్లు వస్తే అంతే.

ఛత్తీస్‌గఢ్ అనుభవం నుంచి నేర్చుకోదలిస్తే చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒక పర్యవేక్షకుడికి ఇంతమంది విద్యార్థులే అన్న హద్దు ఉండాలి. నేర్పే వైద్యుడికి అందుకు ప్రత్యేక భత్యం, బయటి రోగుల వరుస నుంచి రోజుకు కొన్ని గంటల విడుదల ఉండాలి. లాగ్ పుస్తకంలో చేశాడు, చేయలేదు అన్న రెండు గడులు చాలవు. చూశాడు, చేయందించాడు, కంటి ఎదుట చేశాడు, ఒంటరిగా చేయగలడు అన్న నాలుగు మెట్లు ఉండాలి. నాలుగవ మెట్టు మీద సంతకం చేసిన వైద్యుడి నమోదు సంఖ్య అక్కడే రాసి ఉండాలి. ఏడాదిలో కనీసం సగకాలం జిల్లా ఆసుపత్రిలో, అంతకన్నా కింది కేంద్రాలలో గడవాలి. పోస్టు గ్రాడ్యుయేట్ వైద్యులకే మూడు నెలల జిల్లా ఆసుపత్రి నివాసాన్ని జాతీయ వైద్య కమిషన్ తప్పనిసరి చేసినప్పుడు వీరికి అది కష్టమనడం సమంజసం కాదు. కొలువులో చేరిన తరువాత కూడా ఫలానా కేంద్రంలోని ఫలానా వైద్యుడు ఇతడికి బాధ్యుడు అన్న పేరు గోడ మీద ఉండాలి. ఆ పేరు లేని చోట అసిస్టెంటును వేయరాదు.

చివరిది అన్నింటికన్నా సులభం, అందుకే దానిని ఎవరూ చేయరేమోనన్న అనుమానం. కొత్త చట్టం కింద రాష్ట్ర మండళ్లు కళాశాలలకు అనుమతులు ఇస్తాయి. దరఖాస్తుతో పాటు భవనాల నకళ్లు, పరికరాల పట్టికలు, బ్యాంకు హామీ జతచేయమంటారు. వాటికి తోడు మరొక కాగితం అడగాలి. ఏ ఆసుపత్రిలో, ఏ విభాగంలో, ఏ వారంలో, ఎంతమంది విద్యార్థుల పక్కన ఏ వైద్యుడు నిలబడబోతున్నాడో పేర్లతో సహా రాసిన పట్టిక. ఆ వైద్యులు ఒప్పుకొని చేసిన సంతకాలు దాని కింద ఉండాలి. ఆ కాగితం తేలేని కళాశాలకు తక్కిన కాగితాలు తిప్పి చూడనవసరం లేదు.